ప అంటే ప లాగే వినిపించాలి: ఒక డెంటల్ కాలేజీ ఆస్పత్రి, అక్కడి రీసెర్చి, నా అనుభవం

ఐదుకు నాలుగు ఇస్తున్నాను.

బ్లాక్ ఫంగస్ వచ్చి పై దవడ తీయించుకున్నవాళ్ల ఇళ్ల నుంచి నాకు ఇప్పటికీ ఫోన్లు వస్తుంటాయి. అందరూ అడిగేది దాదాపు ఒకటే. "మాస్టారూ, ఆ డెంటల్ కాలేజీలో రీసెర్చి అని సంతకం పెట్టమంటున్నారు, పెట్టొచ్చా? మన మీద ఏమైనా ప్రయోగాలు చేస్తారా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే అందరికీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఆస్పత్రి పేరు మాత్రం రాయను. వాళ్ల స్టడీలో నా పేరు లేదు, ఒక నంబరు ఉంది, అంతే. ఊరూ పేరూ కలిపి రాస్తే ఆ నంబరు ఎవరిదో తెలిసిపోతుంది. నాతోపాటు ఉన్న మిగతా నంబర్ల వాళ్లకు అది ఇష్టమో కాదో నాకు తెలియదు కదా. కావలసినవాళ్లకు ఫోన్లో చెబుతాను.

నేను ఆంధ్రప్రదేశ్‌లో మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తాను. ఇరవై ఆరేళ్లుగా ఎక్కువ భాగం ఒకటి, రెండు తరగతులే. 2021 మే నెలలో కోవిడ్ వచ్చింది. ఆక్సిజన్ 96 కంటే తగ్గలేదు. అయినా రెండో రోజే ఒక క్లినిక్‌లో స్టెరాయిడ్ మాత్రలు రాశారు. పదేళ్లుగా షుగరు ఉందని చెప్పాను. షుగరు చూసుకుంటూ ఉండమని ఎవరూ అనలేదు, జ్వరం ధ్యాసలో నాకూ తోచలేదు. మూడో వారానికి కుడి బుగ్గ మొద్దుబారింది. పై దవడ పన్ను ఒకటి కదిలింది. పంటి నొప్పి అనుకుని ఐదు రోజులు యాంటీబయాటిక్ మింగాను.

ఆరో రోజు మా టౌన్లో ఒక పళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ పన్ను జోలికే పోలేదు. దూదిని సన్నటి పోగులా మెలిపెట్టి ఎడమ బుగ్గ మీద రాసింది, తర్వాత కుడి బుగ్గ మీద. "రెండూ ఒకేలా తెలుస్తున్నాయా మాస్టారూ?" అంది. కుడివైపు ఆవిడ ఎప్పుడు రాసిందో కూడా నాకు తెలియలేదు. అక్కడే వేలి మీద రక్తం తీసి షుగరు చూస్తే 412. "పన్ను ఎవరితోనూ పీకించుకోకండి. ఇవాళే స్కాన్ తీయించుకోండి, రేపటిదాకా ఆగొద్దు" అని చీటీ రాసిచ్చింది, ఫీజు తీసుకోలేదు. నా కుడి కన్ను ఇవాళ నాకు ఉందంటే ఆ దూదిపోగు వల్లే.

ఆపరేషన్ వేరే ఆస్పత్రిలో జరిగింది. దాని గురించి ఎక్కువ రాయను. ఈఎన్‌టీ వాళ్లు, ఓరల్ సర్జరీ వాళ్లు కలిసి కుడివైపు పై దవడ, సగం అంగిలి, ఏడు పళ్లు తీసేశారు. ఆ మే నెలలోనే ఈ జబ్బును ఆరోగ్యశ్రీలో చేర్చారు కాబట్టి మా ఇల్లు మిగిలింది. ఇంజెక్షన్ మాత్రం మా తమ్ముడు ఊళ్లన్నీ తిరిగి తెచ్చేవాడు. లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు అన్నారు. నేను 62 కిలోలు, సీసాలో ఉండేది 50 మిల్లీగ్రాములు, అంటే రోజుకు ఆరు సీసాలు. దొరకని రోజు పాత రకం ఆంఫోటెరిసిన్ పెట్టేవారు. అది ఎక్కుతుంటే మంచం కదిలేంత వణుకు వచ్చేది. దాన్ని సెలైన్‌లో కలిపితే విరిగిపోతుందట, గ్లూకోజులోనే కలపాలి. షుగరు రోగికి గ్లూకోజు. పాపం నర్సమ్మలు గంట గంటకూ వేలు గుచ్చి చూసేవాళ్లు. ఆ జులైలో పార్లమెంటులో చెప్పిన లెక్క ప్రకారం దేశం మొత్తం మీద కేసులు 45 వేలు దాటాయి, పోయినవాళ్లు 4 వేల పైమాటే. అందులో ఒకాయన నా పక్క మంచం మీద ఉండేవాడు.

ఇక అసలు సంగతి. ప్రాణం దక్కింది కానీ నోట్లో సగం కప్పు లేదు. అన్నం ముద్ద పెట్టుకుంటే ముక్కులోకి పోయేది. నీళ్లు తాగితే ముక్కులోంచి కారేవి. అన్నిటికంటే నన్ను కుంగదీసింది మాట. వర్గాక్షరాలు నేర్పి బతికేవాణ్ణి కాబట్టి నా నోట్లో ఏం జరుగుతోందో నాకు అక్షరం అక్షరంగా తెలిసింది. ప, బ అనాలంటే నోట్లో గాలి నిండాలి, పెదాలు విడిచినప్పుడు ఒక్కసారిగా బయటికి రావాలి. అంగిలిలో రంధ్రం ఉంటే గాలి నోట్లో నిలవదు, ముక్కులోకి పోతుంది. అప్పుడు ప వర్గంలో మిగిలేది మ ఒక్కటే. త వర్గంలో న. ట వర్గంలో ణ. బాబు అంటే మాము, పాప అంటే మామ, డబ్బా అంటే ణమ్మా. ఈ మూడు వర్గాల్లోనూ చివరి అక్షరం మిగిలి ముందు నాలుగూ పోయాయి. చెడకుండా మిగిలిన మాటలు రెండే రెండు తోచాయి నాకు. అమ్మ, నాన్న. మా పెద్దమ్మాయి ఫోన్ చేసి "నాన్నా, ఏదైనా మాట్లాడు" అంటే నేను "అమ్మా" అని ఊరుకునేవాణ్ణి. ఆగస్టులో బడులు తెరిచారు. నేను సెలవు పెట్టాను.

ఈ స్థితిలో సెప్టెంబరులో డెంటల్ కాలేజీకి వెళ్లాను. ఓరల్ సర్జరీ విభాగంలో చూసి, పక్కనే కట్టుడు పళ్ల విభాగానికి పంపారు. అంగిలి రంధ్రాన్ని మూసే ప్లేటును వాళ్లు ఆబ్చురేటర్ అంటారు, మేమంతా ప్లేటు అనే అంటాం. ఆపరేషన్ అయిన కొత్తలో వేసేది తాత్కాలికం. లోపల పుండు మాని, కండ ఒక రూపానికి వచ్చాక, కొన్ని నెలలకు అసలుది చేస్తారు. అచ్చు తీసేటప్పుడు ఆ రంధ్రంలోకి మెత్తటి పదార్థం జారిపోకుండా ముందు గాజుగుడ్డ కూరారు. ఆ గుడ్డకు దారం కట్టి, దారం కొస నా చొక్కా గుండీకి చుట్టింది పీజీ అమ్మాయి. "లోపలికి పోయినా లాగేయొచ్చు మాస్టారూ, భయపడకండి" అంది. ఆ ఒక్క దారంతో ఆ పిల్ల చేతుల మీద నాకు నమ్మకం కుదిరింది.

అసలు ప్లేటు 2022 ఫిబ్రవరిలో వచ్చింది. రంధ్రంలోకి వెళ్లే భాగం బుగ్గలా ఉబ్బి లోపల బోలుగా ఉంటుంది. గట్టిగా పోసేస్తే బరువుకు కిందికి జారుతుందట. మిగిలిన పళ్లకు తీగ క్లిప్పులు పట్టుకుంటాయి. పెట్టాక ఆ అమ్మాయి పళ్లు చూసే చిన్న అద్దం తీసి నా ముక్కు కింద పెట్టింది. "పాప అనండి" అంది. అన్నాను. అద్దం మీద ఆవిరి పట్టింది. గాలి ఇంకా ముక్కులోంచి పోతోందన్న మాట. ప్లేటు తీసి, వెనక అంచు దగ్గర కొంచెం మైనం పూసి, మళ్లీ పెట్టి, నన్ను తల అటూ ఇటూ తిప్పించి, నీళ్లు మింగించింది. మళ్లీ అద్దం. మళ్లీ ఆవిరి. అలా ఐదుసార్లో ఆరుసార్లో. మధ్యాహ్నం రెండు దాటింది, ఆ అమ్మాయి అన్నానికి వెళ్లలేదు. చివరికి నేను "పాప" అన్నాను. అద్దం తుడిచినట్టే ఉంది. "బాబు" అన్నాను. అద్దం అలాగే ఉంది. బయట బెంచీ మీద కూర్చున్న మా ఆవిడకు వినబడింది. లేచి తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. లోపలికి రమ్మని ఎవరూ పిలవలేదు, పొమ్మని కూడా ఎవరూ అనలేదు.

అదే రోజు స్టడీ గురించి అడిగారు. ఆపరేషన్ అయినవాళ్లను రెండేళ్లపాటు కనిపెట్టి ఉంటారు. ఫంగస్ తిరగబెట్టిందా, ఎముక ఎలా ఉంది, మూడు నెలల సగటు షుగరు (హెచ్‌బీఏ1సీ పరీక్ష) ఎంత, తిండి, మాట, నిద్ర ఎలా ఉన్నాయి, ఇవన్నీ రాసుకుంటారు. కొత్త మందు ఏదీ ఇవ్వరు. నాలుగు పేజీల తెలుగు కాగితం చేతికిచ్చారు.

ఆ కాగితం గురించి కొంచెం నిలబడి చెప్పాలి, ఎందుకంటే అది నా వృత్తి. రెండో పేజీలో ఒక వాక్యం ఇలా ఉంది: "పాల్గొనువారు ఏ సమయమునందైనను తమ సమ్మతిని ఉపసంహరించుకొనుటకు స్వేచ్ఛ కలిగియున్నారు." నా పక్కన ఒక ముసలాయన, మిరప చేలో పనిచేసే మనిషి, అదే కాగితం పట్టుకుని కూర్చున్నాడు. ఆయన కొడుకు ఈ వాక్యం చదివి వినిపించాడు. ఆయన, "అయితే ఇంకేం, ఎక్కడ వేలిముద్ర?" అన్నాడు. ఆయనకు ఏమీ అందలేదు. ఆ వాక్యం చెప్పేది ఇంతే: మీకు వద్దనిపిస్తే ఎప్పుడైనా మానేయొచ్చు, కారణం చెప్పక్కర్లేదు, మానేసినా వైద్యం ఆగదు. ఆయనకు అన్నిటికంటే తెలియాల్సిన మాట అదే, అదే ఆయనకు అందకుండా పోయింది. "ప్రతికూల సంఘటన" అన్నారు ఇంకోచోట. చికిత్స వల్లనో పరీక్ష వల్లనో ఏదైనా హాని జరిగితే అని రాస్తే పోయేదానికి. "అనుసరణ సందర్శన" అట, మళ్లీ చూపించుకోవడానికి రావడాన్ని.

నేను ఆ రోజు సంతకం పెట్టలేదు. ఇంటికి తీసుకెళ్లి చదువుతానన్నాను. ఎవరూ ముఖం మాడ్చుకోలేదు. ప్రొఫెసరు గారే "అలాగే తీసుకెళ్లండి మాస్టారూ, మీ హక్కు అది" అన్నారు. వారం తర్వాత సంతకంతోపాటు ఆ నాలుగు పేజీలనూ మామూలు తెలుగులో తిరగరాసి ఇచ్చాను. రెండున్నర పేజీలు అయింది. ఒప్పుకోలు కాగితంలో ఒక్క మాట మార్చినా ఎథిక్స్ కమిటీ, అంటే రీసెర్చిలో రోగులకు అన్యాయం జరగకుండా చూసే కమిటీ, చూసి ఒప్పుకోవాలట, ఊరికే మార్చడానికి లేదు. కమిటీకి పంపారు. నాలుగు నెలలు పట్టింది. ఆ తర్వాత వచ్చినవాళ్లందరికీ ఆ కొత్త కాగితమే ఇచ్చారు. నా పేరు దాని మీద లేదు, ఉండకూడదు కూడా. కానీ ఒకసారి హాల్లో కూర్చుని ఉంటే ఒకావిడ తన చెల్లెలికి "వద్దనిపిస్తే మానేయొచ్చంట, రాసుంది చూడు" అని వేలు పెట్టి చూపించింది. ఆ పూట నాకు చాలా బాగుంది.

ఫొటోల దగ్గర కూడా పట్టుబట్టాను. కళ్ల మీద నల్ల పట్టీ వేస్తామన్నారు. పట్టీ వేసినా మా ఊళ్లో పదిమంది గుర్తుపడతారు, నోటి లోపలి ఫొటో వరకే ఇస్తానన్నాను. దానికి కాగితంలో విడిగా టిక్కు పెట్టే గడి ఉంది. మీరూ ఆ గడి చూసుకుని టిక్కు పెట్టండి.

ఇక స్టడీ వల్ల నాకు ఒరిగింది ఏమిటి? ఆరో నెలలో తీసిన స్కాన్లో, మిగిలిన ఎముక అంచున ఒక ముక్క చచ్చిపోయి విడిపోయినట్టు కనబడింది. నాకు నొప్పి లేదు, చీము లేదు, వాసన లేదు. నా అంతట నేనైతే ఆస్పత్రి గడప తొక్కేవాణ్ణి కాదు. పైపైన మత్తు ఇచ్చి తీశారు, అరగంట పని. ఆ ముక్కను ఫంగస్ పరీక్షకు పంపారు, ఏమీ లేదని వచ్చింది. ఆ రిపోర్టు వచ్చేదాకా నాలుగు రాత్రులు మా ఇంట్లో ఎవరమూ సరిగ్గా నిద్రపోలేదు. వచ్చాక పీజీ అమ్మాయే ఫోన్ చేసింది, రాత్రి తొమ్మిదింటికి.

ఆ అమ్మాయే ఒకసారి నాకు ఒక రీసెర్చి పేపరు సంగతి చెప్పింది. 2020 సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు, అంటే రెండో వేవ్ రాకముందే, మన దేశంలో 16 ఆస్పత్రుల వాళ్లు ఈ జబ్బు వచ్చిన 287 మంది వివరాలు కలిపి చూశారు. అందులో 187 మందికి కోవిడ్ తర్వాత వచ్చిందే. ఆక్సిజన్ పడిపోవడం, స్టెరాయిడ్లు తగని విధంగా వాడటం, ఈ రెండూ దానికి దారి తీశాయని తేల్చారు. అంతకుముందే 2020 జూన్‌లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ అనే పెద్ద స్టడీ ఇంకో మాట తేల్చింది. డెక్సామెథసోన్ రోజుకు 6 మిల్లీగ్రాములు, పది రోజులకు మించకుండా ఇస్తే ప్రాణాలు దక్కుతాయి, కానీ ఆక్సిజన్ అవసరమైనవాళ్లకే. అవసరం లేనివాళ్లకు మేలేమీ కనబడలేదు. నాకు ఆక్సిజన్ 96. నాకు రెండో రోజే మాత్రలు. అది విన్నాక చాలాసేపు మాట్లాడలేకపోయాను. కోపం కంటే ఎక్కువగా ఒక స్పష్టత వచ్చింది. ఏ పాపం చేశానో అని ఏడాదిపాటు మా అమ్మ గుళ్ల చుట్టూ తిరిగింది. ఎక్కడో ఎవరో ఒక్కొక్క రోగి షుగరు, స్టెరాయిడు, తేదీలు ఓపికగా రాసిపెట్టబట్టి ఇది పాపం కాదని మా అమ్మకు చెప్పగలిగాను. నా నంబరు కూడా అలాంటి ఒక పట్టికలో ఉందంటే నాకు సంతోషమే.

తర్వాత 2023లో ఇంకో స్టడీకి అడిగారు. చెంప ఎముకలోకి పొడవాటి ఇంప్లాంట్లు దించి, వాటి మీద పళ్లు బిగిస్తారు. దానికి మళ్లీ ఆపరేషన్. నాకు ధైర్యం చాలలేదు, మూడు నెలల సగటు షుగరు కూడా అప్పుడు 8.1 శాతం ఉంది. వద్దన్నాను. ఇక్కడే ఆ విభాగం మీద నాకు గౌరవం రెట్టింపైంది. వద్దన్న నిమిషానికే కాగితం పక్కన పెట్టేశారు. అదే రోజు, అదే వరసలో, వదులైన నా క్లిప్పు బిగించి పంపించారు. ఎందుకు వద్దంటున్నారని రెండోసారి ఎవరూ అడగలేదు.

మరి ఒకటి ఎందుకు తగ్గించాను?

నాతోపాటు ఆపరేషన్ అయిన ఒకాయన దూరం ఊరని స్టడీలో చేరలేదు. చేరకపోవడం ఆయన హక్కు. కానీ ఆయనకు ఆస్పత్రి నుంచి ఒక్క ఫోను పోలేదు. 2023 చివర్లో ఒక పెళ్లిలో కలిశాడు. ఆ తాత్కాలికం ప్లేటే ఇంకా పెట్టుకుని ఉన్నాడు. చుట్టూ ఖాళీ వస్తే దూది కూరుకుంటున్నాడు. అసలు ప్లేటు వేరే చేస్తారని ఆయనకు చెప్పినవాళ్లు లేరు. భోజనాల దగ్గర గోడవైపు తిరిగి కూర్చున్నాడు. నన్ను రెండేళ్లలో ఆరుసార్లు పిలిచారు, రాకపోతే ఫోన్ చేశారు, వచ్చి ప్రశ్నలు అడిగారు. పట్టికలో ఒక గడి ఖాళీగా ఉండకూడదని. ఆ శ్రద్ధ పట్టికలో లేనివాళ్ల మీద కూడా ఉండాలి. దీనికి డబ్బు కూడా పెద్దగా అక్కర్లేదు, ఒక నోటుబుక్కు, ఒక ఫోను చాలు. ప్రొఫెసరు గారితో ఇది ముఖం మీదే చెప్పాను. విన్నారు, మనుషులు చాలరని అన్నారు. పెళ్లిలో కలిసిన ఆయనను నేను తీసుకొచ్చి చూపించాను, ఇప్పుడు ఆయనకూ అసలు ప్లేటు ఉంది.

రెండోది, పీజీలు మూడేళ్లకు వెళ్లిపోతారు. మన నోరు ఎరిగిన చేతులు వెళ్లిపోయాక కొత్తవాళ్లకు కథంతా మొదటి నుంచి చెప్పుకోవాలి. రెండేళ్ల స్టడీ అయిపోయాక నన్ను ఎవరూ పిలవడం లేదు, నేనే వెళ్తున్నాను. ఇంకా చిన్నవి: కాగితం మీద అనుమానాలకు రాసిన ల్యాండ్‌లైన్ ఎప్పుడు చేసినా మోగుతూనే ఉంటుంది, రెండో అంతస్తులోని ఎథిక్స్ కమిటీ గదికి నేరుగా వెళ్తే మాత్రం చక్కగా మాట్లాడారు. బస్సు చార్జీలు ఇస్తామన్నారు, మొదటి రెండుసార్లు ఇచ్చారు, మూడోసారిది అడిగితే గానీ రాలేదు. మరుగుదొడ్లు బాగాలేవు. ముక్కులోంచి నీళ్లు కారే రోగులు నోరు కడుక్కోవడానికి చాటుగా ఒక్క సింకు కూడా లేదు. అది తప్పకుండా కావాలి.

వెళ్లేవాళ్లు ఓపీ చీటీకి ఎనిమిదిన్నరకే లైన్లో ఉండండి, పది దాటితే మధ్యాహ్నమే. ఆపరేషన్ డిశ్చార్జి కాగితం, బయాప్సీ రిపోర్టు, పాత స్కాన్ సీడీ, ఆఖరి షుగరు రిపోర్టు తీసుకెళ్లండి. పాత ప్లేటు విరిగిపోయినా పారేయకండి, దాన్ని చూసి కొలత పోల్చుకుంటారు. కాగితం ఇస్తే ఇంటికి తెచ్చి చదవండి, చదవడం రాకపోతే చదివి వినిపించమనండి, వినిపిస్తారు. ప్లేటు రోజూ రాత్రి తీసి మామూలు నీళ్లలో వేయండి, వేడినీళ్లలో వేస్తే వంగిపోతుంది. రంధ్రం లోపల పక్కులు కడుతుంటే గోళ్లతో గీకొద్దు, ఉప్పునీళ్లు సిరంజితో కొట్టి నానబెడితే వాటంతటవే వస్తాయి. ఇల్లు వదిలేముందు చిన్న అద్దం ముక్కు కింద పెట్టుకుని "పాప" అనండి. ఆవిరి పడితే ఆ సంగతి డాక్టరుకు మొదటే చెప్పండి. నా అద్దం మీద పోయిన వారం నుంచి కొంచెం పడుతోంది, వచ్చే మంగళవారం వెళ్తున్నాను.